కాళ్లకు నీరు పట్టిందా? ముందు బీపీ మాత్ర పేరు చూడండి

ఆవిడ మా ఆస్పత్రి సందు మొదట్లో ఇడ్లీ బండి నడుపుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే పదకొండు దాకా నిలువుకాళ్ల మీదే. వయసు అరవైకి అటూ ఇటూ. తనకు బీపీ ఉన్న సంగతి ఆవిడకు తెలీదు. పంటి నొప్పికి మాత్ర రాయించుకుందామని వచ్చినప్పుడు చూస్తే 180/110 ఉంది. నొప్పి వల్లనేమో అనుకుని కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూశాను. నొప్పి తగ్గాక నాలుగు రోజులకు ఇంకోసారి చూశాను. పెద్దగా తేడా లేదు. ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రోజుకొకటి వేసుకోమన్నాను.

నెల తర్వాత 160/100. మాత్రను పదికి పెంచాను. ఇంకో నెలకు 136/84కు వచ్చింది. ఆవిడా సంతోషించింది, నేనూ సంతోషించాను. ఆ సంతోషం ఆరు వారాలు నిలిచింది.

"బాబూ, కాళ్లకు నీరు పట్టింది. చెప్పులు ఎక్కడం లేదు. కిడ్నీలు పోయాయేమోనని మా వీధిలో అందరూ అంటున్నారు" అంటూ వచ్చింది.

చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడుతోంది. సాయంత్రానికి పెరుగుతుందట, తెల్లారేసరికి సగం తీస్తుందట. మూత్రంలో ఆల్బుమిన్ లేదు. క్రియాటినిన్ మామూలుగానే ఉంది. గుండెకు ఎకో తీయిస్తే అదీ బాగుంది. కిడ్నీలు బాగున్నాయని చెప్పి పంపేస్తే సరిపోయేది కాదు, వాపు కళ్లెదురుగా ఉంది కదా! బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు. నీరు తీసే మాత్ర ఒకటి చీటీలో కలిపి రాసేశాను.

బండి దగ్గర ఆడవాళ్లు వెళ్లడానికి మరుగుదొడ్డి ఎక్కడుందని నేను అడగలేదు. లేదు. నీళ్ల మాత్ర వేసుకుంటే గంటకోసారి వెళ్లాలి. ఆవిడ తనకు తోచిన ఉపాయం తాను చేసింది. పొద్దున్నుంచి పదకొండు దాకా మంచినీళ్లు ముట్టడం మానేసింది. ఏప్రిల్ నెల, ఎదురుగా పొయ్యి. ఇరవై రోజులకు కళ్లు తిరిగి బండి పక్కనే పడిపోయింది. ఇడ్లీ పాత్ర మీద పడలేదు, అదే అదృష్టం. ఎడమ మణికట్టు మాత్రం విరిగింది. రక్తపరీక్షలో సోడియం, పొటాషియం రెండూ పడిపోయి ఉన్నాయి. నిలబెట్టి బీపీ చూస్తే పై అంకె వందకు దిగిపోయింది.

కాళ్ల వాపు? అది ఎక్కడిదక్కడే ఉంది.

తప్పు నాదే. ఆ వాపు కిడ్నీల నుంచి వచ్చింది కాదు, గుండె నుంచి వచ్చింది కాదు. నేను రాసిన ఆమ్లోడిపిన్ నుంచి వచ్చింది. ఒక మాత్ర తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని, దానికి ఇంకో మాత్ర రాశాను. ఆ మాత్ర తెచ్చిన ఇబ్బంది మణికట్టు మీద పడింది. ఈ గొలుసు మన ఊళ్లలో రోజూ ఎక్కడో ఒకచోట నడుస్తూనే ఉంటుంది. అందుకే ఈ వారం ఈ మాత్రల గురించే మాట్లాడుకుందాం.

చేతికి కట్టు వేయించుకున్న రోజున ఆవిడ కోడలు మందుల చీటీ పట్టుకుని వచ్చింది. ఇంటర్ చదివిన పిల్ల. "సార్, ఈ మాత్రను కాల్షియం ఛానెల్ బ్లాకర్ అంటారటగా. అంటే కాల్షియాన్ని ఆపేస్తుందనేగా? అందుకే మా అత్తయ్య ఎముక విరిగిందా?" అని అడిగింది.

మంచి ప్రశ్న. చాలామందికి వచ్చే అనుమానమే, పైకి అడిగేవాళ్లు తక్కువ. అడక్కుండా మాత్ర మానేసేవాళ్లే ఎక్కువ. కొందరు అదే భయంతో దాంతోపాటు కాల్షియం బిళ్లలు కూడా కొనుక్కుని వేసుకుంటారు.

మనకు కాల్షియం అంటే ఎముకలు, పళ్లు, పాలు. కానీ కండరం ముడుచుకోవాలన్నా కాల్షియమే కావాలి. ఈ సంగతి బయటపడిన తీరు తమాషాగా ఉంటుంది. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెల మీద ప్రయోగాలు చేసేవాడు. ఒంట్లోంచి తీసిన గుండెను ఉప్పునీటిలో ఉంచితే అది గంటల తరబడి కొట్టుకునేది. ఉప్పు ఒక్కటీ చాలుననుకుని ఆయన ఆ సంగతి ప్రచురించేశాడు కూడా. తీరా చూస్తే ఆయన సహాయకుడు స్వేదన జలం బదులు కుళాయి నీళ్లు పట్టి ఆ ద్రావణం కలుపుతున్నాడు! అసలైన స్వేదన జలంతో కలిపి చూస్తే గుండె కాసేపట్లోనే ఆగిపోయింది. కుళాయి నీళ్లలో ఉన్న కాల్షియమే దాన్ని ఆడిస్తోందని తేలింది. 1883లో రింగర్ తన తప్పు తానే దిద్దుకుంటూ మళ్లీ రాశాడు. ఆస్పత్రిలో మనకు ఎక్కించే ఆర్‌ఎల్ సెలైన్ సీసా ఉంది చూశారూ, అందులో ఆర్ అంటే ఈ రింగరే.

తర్వాత ఎనభై ఏళ్లకు జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ ఈ కథను అందుకున్నాడు. 1960ల్లో గుండెనొప్పి కోసం తయారైన రెండు కొత్త మందులు ఆయన దగ్గరికి పరీక్షకు వచ్చాయి. ఒకటి ప్రెనిలమిన్, రెండోది వెరపామిల్. అవి గుండె కండరం బిగువును తగ్గిస్తున్నాయి. ఎందుకని వెతికితే, కాల్షియం తీసేసిన నీళ్లలో గుండె ఎలా మెత్తబడుతుందో అచ్చం అలాగే మెత్తబడుతోంది. మళ్లీ కాల్షియం కలిపితే తేరుకుంటోంది. ఈ మందులు కాల్షియాన్ని కండరం లోపలికి పోనివ్వడం లేదని ఆయన తేల్చాడు. ఈ కుటుంబానికి కాల్షియం విరోధులనే పేరు అలా వచ్చింది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ మందులు రక్తంలో కాల్షియాన్ని తగ్గించవు. ఎముకల్లోంచి లాగవు. రక్తనాళం గోడలోని కండరానికి సన్నని గేట్లుంటాయి. వాటిలోంచి కాల్షియం లోపలికి పోతే నాళం బిగుసుకుంటుంది. ఈ మాత్ర ఆ గేట్లలో కొన్నింటిని మూసి ఉంచుతుంది. అంతే. నాళం వదులవుతుంది, దారి వెడల్పవుతుంది, బీపీ దిగుతుంది. మరి చేతులు, కాళ్లు నీరసపడవా అంటే పడవు. ఆ కండరాలు తమకు కావలసిన కాల్షియాన్ని లోపలే నిల్వ చేసుకుంటాయి. బయటి గేట్ల మీద అంతగా ఆధారపడవు.

ఆ అమ్మాయికి ఇంత కథా చెప్పలేదు. "ఎముక విరగ్గొట్టింది ఈ మాత్ర కాదమ్మా, నేను రాసిన రెండో మాత్ర" అని చెప్పాను. ఆ పిల్ల నా వంక కాస్త విచిత్రంగా చూసింది.

మరి కాళ్లు ఎందుకు వాస్తాయి? పొలం చూసినవాళ్లకు చెప్పడం తేలిక. కాలవ నుంచి మడికి నీళ్లు వచ్చే పై తూము పూర్తిగా తెరిచి, మురుగు కాలవలోకి పోయే కింది తూము అలాగే వదిలేశారనుకోండి. మడిలో నీళ్లు నిలబడి గట్టులోంచి పక్కకు ఊరుతాయి. ఆమ్లోడిపిన్ సన్నని ధమనులను బాగా తెరుస్తుంది, సిరలను అంతగా తెరవదు. మధ్యలో ఉండే కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి నీరు బయటికి ఊరుతుంది. నిలబడే మనిషిలో నీరు కిందికేగా దిగుతుంది, అందుకని ముందు చీలమండలు వాస్తాయి. బండి దగ్గర ఏడు గంటలు నిలబడే మనిషికి ఇంకా ఎక్కువ. ఎండాకాలం ఇంకా ఎక్కువ. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ చూస్తాం. 5 మిల్లీగ్రాములతో రానివాళ్లకు కూడా 10తో రావచ్చు.

అంటే ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది. నీరు ఉండాల్సిన చోట కాక పక్కన చేరింది. అందుకే నీరు తీసే మాత్ర దీనిమీద సరిగా పనిచేయదు. చెయ్యాల్సింది మోతాదు తగ్గించడం, లేదా కింది తూము కూడా తెరిచే మందు జత చేయడం. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ వంటివి ఆ పని చేస్తాయి. బీపీనీ తగ్గిస్తాయి, వాపునీ తగ్గిస్తాయి. అయితే అవి ఎవరికి పడతాయో, కిడ్నీలు, పొటాషియం ఎలా ఉన్నాయో చూసుకుని డాక్టరే రాయాలి. గర్భిణులకు ఇవి అసలు పనికిరావు. కొందరికి సిల్నిడిపిన్‌కు మారిస్తే వాపు తగ్గుతుంది. అది కూడా ఈ కుటుంబానిదే.

కాళ్ల వాపులన్నీ బీపీ మాత్ర వల్లే అనుకోకండి. ఆయాసం ఉన్నా, ఒక్క కాలే వాచినా, పొద్దున లేవగానే ముఖం ఉబ్బినా, మూత్రం తగ్గినా అది వేరే సంగతి. వెంటనే చూపించుకోవాలి.

ఇంకో మాట. వాపు చూసి భయపడి మాత్ర తమంతట తామే మానేసేవాళ్ల కథ మరీ దారుణంగా ఉంటుంది. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నిదానంగా పోతుంది. వేసుకున్నదాంట్లో సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మానేసిన రోజు ఏమీ తెలియదు. మర్నాడూ తెలియదు. "చూశావా, మానేసినా నాకేం కాలేదు" అని ఇంట్లోవాళ్లతో అంటారు. వాపు తీస్తుంది, చెప్పులు ఎక్కుతాయి, ప్రాణం హాయిగా ఉంటుంది. వారం దాటేసరికి బీపీ చడీచప్పుడు లేకుండా పాత చోటికి చేరుతుంది. అది 180 ఉన్నా తలనొప్పయినా రాని మనుషులుంటారు. అలా మానేసి, మూడు నెలల తర్వాత మూతి వంకర పోయి, చెయ్యి పడిపోయి వచ్చినవాళ్లను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. ఇదే నిదానం వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్తగా మొదలుపెట్టిన మాత్ర పూర్తి ఫలితం చూపడానికి వారం పైనే పడుతుంది. రెండో రోజే బీపీ చూసుకుని "ఇంకా తగ్గలేదు, రెండు వేసుకుంటాను" అనడం తొందరపాటు.

తొందరపాటంటే గుర్తొచ్చింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో ఈ కుటుంబంలోదే నిఫెడిపిన్ క్యాప్స్యూల్ ప్రతి క్యాజువాలిటీ బల్ల మీదా ఉండేది. బీపీ 220 అని వస్తే సూదితో క్యాప్స్యూల్ పొడిచి నాలుక కింద పిండేవాళ్లం. పావుగంటలో అంకె దిగేది. మాకదో గొప్ప. ఒక రాత్రి ఓ పెద్దాయనకు అలాగే పిండాం. అంకె దిగింది, ఆయన మాట కూడా తడబడింది. ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటుపడిన మెదడుకు ఒక్కసారిగా రక్తం తగ్గిందన్నమాట. తెల్లారేసరికి మాట తిరిగి వచ్చింది, బతికిపోయాం. అందరి విషయంలో అలా జరగలేదు. 1996లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఈ పద్ధతి మానుకోవాలని గట్టిగా రాశారు. పక్షవాతాలు, గుండెపోట్లు వచ్చిన సందర్భాలను అందులో చూపించారు. నాలుక కింద అది సరిగా ఇంకదని, మింగిన భాగమే పనిచేస్తుందని కూడా అప్పుడే అందరికీ తెలిసొచ్చింది.

అయినా ఇప్పటికీ "డాక్టరుగారూ, బీపీ రెండొందలుంది, ఏదో ఒకటి వేసి ఇప్పుడే దించండి" అని పట్టుబట్టేవాళ్లున్నారు. ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం లాంటివి ఉంటే అది అత్యవసరమే, ఆస్పత్రిలో చేర్చాల్సిందే. అవేమీ లేకుండా అంకె ఒక్కటే ఎక్కువుంటే నిదానంగా, రోజుల మీద దించాలి. నిఫెడిపిన్‌ను పూర్తిగా పారేయలేదు. నెమ్మదిగా కరిగే రకం బీపీకి వాడుతున్నాం. గర్భిణుల బీపీలో కూడా పర్యవేక్షణలో అది పనికొస్తోంది.

ఇన్ని చెప్పాక ఈ మాత్రలంటే మీకు విరక్తి కలిగితే నా రాత పాడైనట్టే. మంచి మందులివి. 2005లో వెలువడిన ఆస్కాట్ అనే అధ్యయనంలో బ్రిటన్, ఐర్లాండ్, స్కాండినేవియా దేశాల నుంచి 19,257 మంది బీపీ రోగులున్నారు. సగం మందికి ఆమ్లోడిపిన్‌తోను, సగం మందికి పాత అటెనొలాల్‌తోను వైద్యం మొదలుపెట్టి, అవసరమైతే వేరే మందులు జత చేశారు. ఆమ్లోడిపిన్ వైపు పక్షవాతాలు 23 శాతం తక్కువ వచ్చాయి. మన దేశంలో 2017 చివర్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి దశలో తెలంగాణ జిల్లాలు కూడా ఉన్నాయి. అందులో ప్రధానంగా వాడే మందుల్లో ఆమ్లోడిపిన్ ఒకటి. చవక, రోజుకొక్కసారి చాలు, రక్తపరీక్షలు చేయలేని చోట కూడా మొదలుపెట్టవచ్చు.

గుండెనొప్పి అంటే యాంజైనాకు కూడా ఇవి పాతకాపులే. మెట్లెక్కితే వచ్చి, ఆగితే తగ్గే నొప్పిలో గుండె మీద బరువు దించి, దానికి రక్తం తెచ్చే నాళాలను వదులు చేస్తాయి. ఇంకో రకం నొప్పి ఉంది. మనిషి పగలంతా పొలం పని చేసినా ఏమీ ఉండదు, తెల్లవారుజామున పక్క మీద ఉండగా ఛాతీ పట్టేస్తుంది. నాళం ఉన్నట్టుండి బిగుసుకోవడం వల్ల వచ్చేదిది. 1959లో మైరన్ ప్రింజ్‌మెటల్ అనే అమెరికన్ డాక్టరు దీన్ని వర్ణించాడు. బిగుసుకుపోయే నాళానికి వదులు చేసే మందు కంటే సరైనది ఏముంటుంది? ఇందులో ఇవే మొదటి వరసలో ఉంటాయి. ఛాతీనొప్పి వస్తే మాత్రం అది ఏ రకమో ఇంట్లో కూర్చుని తేల్చుకోవద్దు. చెమటలు పట్టి, పది నిమిషాలు దాటినా తగ్గకపోతే ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

ఈ కుటుంబంలో వెరపామిల్, డిల్టియాజెమ్ స్వభావం వేరు. అవి నాళాలతోపాటు గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి. అప్పటికే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడుతున్నవాళ్లకు ఇవి తోడైతే నాడి మరీ పడిపోయే ప్రమాదముంది. గుండె పంపింగ్ తగ్గినవాళ్లకు ఈ రెండూ పనికిరావు. ఇద్దరు డాక్టర్ల దగ్గర రెండు చీటీలు రాయించుకుని, ఒకరికి చూపించకుండా ఒకరివి వాడేవాళ్లతోనే నా భయం. వెరపామిల్‌తో మలబద్ధకం రావడం మామూలు. తమాషా ఏమిటంటే, దాని సోదరుడు డిల్టియాజెమ్‌ను మలద్వారం చీలికకు పూత మందుగా వాడతాం. ఒకడు ఇబ్బంది తెస్తే ఇంకొకడు తీరుస్తాడు!

చిగుళ్ల సంగతి కూడా చెప్పాలి. నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ కొందరికి, అరుదుగా, చిగుళ్లు లావెక్కేలా చేస్తాయి. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "నాకు ఫలానా బీపీ మాత్ర" అని చెప్పండి. ఉత్త "బీపీ మాత్ర" అంటే చాలదు. మాత్రల అట్ట జేబులో పెట్టుకెళ్లండి.

మన ఇడ్లీ బండి ఆవిడకు నీళ్ల మాత్ర ఆపేశాను. ఆమ్లోడిపిన్ తిరిగి 5కు దించాను. సోడియం, పొటాషియం సర్దుకున్నాక టెల్మిసార్టన్ 40 జత చేశాను. మూడు వారాలకు చీలమండల ఎముకలు మళ్లీ కనిపించాయి. బీపీ 130/80. మణికట్టు అతకడానికి ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ కోడలే బండి నడిపింది.

మొన్న అటుగా వెళుతూ ఆగాను. అడక్కుండానే చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పాదాలు చూపించింది. మాత్రలు రెండూ వేసుకుంటున్నావా అంటే, బండి సొరుగులోంచి అట్టలు తీసి బల్ల మీద పెట్టింది. నడుమ నడుమ కూర్చోవడానికని నేను కొనిపించిన స్టూలు కూడా అక్కడే ఉంది. దాని మీద చట్నీ గిన్నె పెట్టుకుంది.